బహుమతి వనంలో పదకొండు తాటిచెట్లు

మా బాపు ఎక్కే పదకొండు తాటిచెట్ల మీది నంబర్లు చెరిపింది నేను. పంచాయతీ వాళ్లు చెరిపారని మా నాయినమ్మ అందరితో అంటుంది. కానీ ఆ రోజు ఇనుప బ్రష్షు పట్టుకున్నది నా చేయి.

మాది మిరుదొడ్డి మండలంలో ఒక చిన్న ఊరు. ఊరికి పడమర, గుట్ట కింద, ఎకరం సర్కారు జాగ ఉంది. మా తాత పుట్టకముందు నుంచి అక్కడ తాటిచెట్లు ఉన్నాయట. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆ జాగ చుట్టూ కంచె వేశారు. వేప, కానుగ, బాదం మొక్కలు నాటారు. నడవడానికి బాట పరిచి, రెండు సిమెంటు బల్లలు వేసి, పల్లె వనం అని బోర్డు పెట్టారు. తాటిచెట్లు కంచె లోపల పడ్డాయి. అది సమస్య అవుతుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. గేటు తాళంచెవి ఒకటి వనం చూసుకునే లిడియా అత్త దగ్గర ఉండేది, ఇంకొకటి మాకు ఇచ్చారు. బాపు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పోయేవాడు. మోకుతో తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకుని పైకెక్కేవాడు. పూల గెల కొస సన్నగా కోసి, కల్లు నిండిన లొట్టి కుండ దించుకుని వచ్చేవాడు.

ఊళ్లో చెట్లన్నీ గౌడ సంఘం వాళ్లు ఇంటింటికీ పంచుకున్నవే. ఎవరి చెట్టు ఏదో తెలియడానికి మొద్దు మీద తారుతో నంబరు వేస్తారు. మావి నలభై ఒకటి నుంచి యాభై ఒకటి దాకా. ఏటా మాఘమాసంలో ఆబ్కారి సారు వచ్చి, తన కాగితంలోని నంబరు, చెట్టు మీది నంబరు ఒకటేనా అని చూసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడితేనే ఆ సంవత్సరం ఎక్కాలి.

బాపుకు మాత్రం ఆ నంబర్లతో పని లేదు. ఆయన బడికి పోలేదు. ఆయన చెట్లకు ఆయన పెట్టుకున్న పేర్లు ఉన్నాయి. ఒకటి గూనిది. ఒకటి పిడుగుది. ఎక్కుతుంటే గాలి లేకపోయినా గరగరమనే చెట్టు పేరు అత్తమ్మ.

"ఇయ్యాల అత్తమ్మ ఎట్లున్నదిరా?" అని నాయినమ్మ అడిగేది.

"ఏముంటది? గొణుగుతనే ఉన్నది. ఇచ్చేది మాత్రం గిన్నెడు."

"నీ పెండ్లాం తల్లి పేరు పెట్టుకుంటివి. గింతకంటె ఎక్కువిస్తదా?"

ఈ మాటకు అమ్మ రోజూ ఉత్తుత్తి కోపం తెచ్చుకునేది.

*

నవంబరులో పంచాయతీ సెక్రెటరీ రజిని మేడం మా బడికి వచ్చింది. జిల్లాలో బాగా చూసుకుంటున్న వనాలకు బహుమతులు ఇస్తున్నారని, మన వనం పేరు మండలం నుంచి పంపుతున్నారని చెప్పింది. బోర్డులు రాయడానికి మంచి చేతిరాత ఉన్నవాళ్లు కావాలంది. హెడ్మాస్టరు నా వైపు చూపించాడు.

నేను క్లాసులో నోరు విప్పను. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తుతాను, అంతే. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే ఏం చెప్పాలన్నా నోటుబుక్కులో రాసుకుంటాను. రాసీ రాసీ అక్షరాలు గుండ్రంగా అయ్యాయి. మేడం నా నోటుబుక్కు అట్ట మీది పేరు చూసి, "అబ్బా, అచ్చేసినట్టు ఉన్నదిగా!" అన్నది. ఆ మాట నాకు వారం రోజులు చెవుల్లోనే ఉంది.

ముందు మొక్కలకు పేర్ల బోర్డులు రాశాను. తరువాత చెట్ల మొద్దులకు రంగు వేయాలన్నారు. నడుము ఎత్తు దాకా తెలుపు, దాని మీద జానెడు ఎరుపు పట్టీ, ఆ పట్టీ పైన మళ్లీ తెలుపు. సున్నమైతే వానకు పోతుందని ఆయిల్ పెయింటు తెచ్చారు. రంగు పట్టాలంటే ముందు మొద్దును ఇనుప బ్రష్షుతో గీకాలి. బడి అయిపోయాక నేను, లిడియా అత్త, కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆ పని చేశాం.

"ఏం బిడ్డా, చెట్లకు పెండ్లి పిల్లల లెక్క పౌడరు పూస్తున్నవ్?" అన్నది ఒకామె.

"పూయనియ్యక్కా. మన మొఖాలకు ఎట్లాగూ ఎవడు పూయడు" అన్నది లిడియా అత్త.

వేపలు, కానుగలు అయ్యాక తాటిచెట్ల దగ్గరికి వచ్చాను. గూనిదాని మీద నలభై ఒకటి అని తారు అంకె వంకరగా ఉంది. సరిగ్గా పట్టీ రావలసిన చోట. నేను ఆగాను. రజిని మేడం పది అడుగుల దూరంలో ఫోన్లో మాట్లాడుతూ నిలబడి ఉంది. "మేడం, నంబర్లు ఉంచాలా?" అని అడగాలి. మూడే మాటలు. మేడం ఫోను అయిపోయేదాకా నిలబడ్డాను. అయిపోయింది. ఆమె నా వైపు చూసి నవ్వి, "కానియ్యి సౌమ్యా, పొద్దు పోతున్నది" అన్నది. నేను తల ఊపి, గీకడం మొదలుపెట్టాను. తారు పెచ్చులు పెచ్చులుగా ఊడి కాళ్ల మీద పడింది. ఒకటి గీకాక మిగతా పది గీకడం కష్టం కాలేదు. ఒక్కటి వదిలేస్తే వరుసలో అదొక్కటే పాతగా కనబడుతుంది కదా అనుకున్నాను.

మర్నాడు ఎర్ర పట్టీ మీద తెల్ల రంగుతో వనం నంబర్లు వేశాను. ప్రతి చెట్టుకూ నంబరు ఉండాలని బహుమతి నిబంధన. మొత్తం నూట పన్నెండు చెట్లు. మా తాటిచెట్లకు అరవై ఒకటి నుంచి డెబ్బై ఒకటి దాకా వచ్చాయి. నా అంకెలు చాలా బాగా వచ్చాయి.

సాయంత్రం బాపు మోకుతో వచ్చాడు. చెట్లను చూసి నిలబడిపోయాడు.

"పాత నంబర్లు పోయినయి బాపు" అన్నాను.

"పోతే పోయినయి తియ్యి. నా చెట్లు నాకు ఎరుక లేవా?" అన్నాడు. చుట్టూ తిరిగి చూసి, "ఇగో, ఈ గూనిది సుత కొత్త అంగీ తొడుక్కుని నిక్కి నిలబడ్డది సూడు" అని నవ్వాడు.

నాయినమ్మకు చూపించడానికి ఆ రాత్రి అన్నం తింటూ గాలిలో నా అంకెలు రాసి చూపించాడు. ఏడు అంకె తిరగేసి రాశాడు. అమ్మ నవ్వి నవ్వి అన్నం మెతుకు గొంతుకు అడ్డం పడింది. మా నలుగురిలో ఒక్కరికి కూడా ఆబ్కారి సారు కాగితం గుర్తుకు రాలేదు.

*

బహుమతికి ఒక దరఖాస్తు ఉంది. చేత్తో నింపాలి. రజిని మేడం చదువుతుంటే పంచాయతీ ఆఫీసులో కూచుని నేను రాశాను. ఎన్ని చెట్లు, ఎన్ని బతికాయి, నీళ్లు ఎక్కడి నుంచి, అన్నీ రాశాక చివరి పేజీలో హామీ పత్రం వచ్చింది.

"వనంలోని ఏ చెట్టుకూ కోత గానీ గాటు గానీ లేదు. ఏ చెట్టు నుంచీ ఎలాంటి దిగుబడీ తీయడం లేదు. రాయి."

నా పెన్ను ఆగింది. మేడం చూసింది.

"ఏందమ్మా?"

నేను కిటికీ వైపు చూశాను. అక్కడి నుంచి తాటిచెట్ల తలలు కనబడతాయి. మేడం కూడా చూసింది. ఆమెకు అర్థమైందనే నేను అనుకున్నాను.

"అది అన్ని ఊర్లకూ ఒకటే ఫారం సౌమ్యా. అచ్చులో ఉన్నదే రాయాలె. మనం మార్చరాదు" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. పై నుంచి రోజుకు నాలుగు ఫోన్లు వచ్చేవి.

నేను రాశాను. గుండ్రంగా, అచ్చేసినట్టు.

డిసెంబరు చివర వనం చూడడానికి సిద్దిపేట నుంచి ముగ్గురు వచ్చారు. ఆ రెండు రోజులు లొట్లు దించెయ్యమని సర్పంచి గజేందర్ అడిగితే బాపు సరేనన్నాడు. అప్పటికి రెండు చెట్లకే లొట్లు ఉన్నాయి. అసలు కాలం మాఘంలో మొదలవుతుంది. వచ్చినవాళ్లలో టోపీ పెట్టుకున్న పెద్దసారు ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఫోటో తీసుకున్నాడు. ఒక బోర్డు మీద వేలు పెట్టి, "ఈ అక్షరాలు ఎవరు రాశారు? పెయింటర్నా?" అని అడిగాడు.

నేను లిడియా అత్త వెనక్కి జరిగాను. కంచె బయట నలుగురితో నిలబడి చూస్తున్న బాపు గట్టిగా అరిచాడు.

"మా బిడ్డ సారూ! నా బిడ్డే రాసింది! పదో తరగతి!"

అందరూ తిరిగి చూశారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ సంతోషం కూడా వేసింది.

*

జనవరి చివర ఫలితం వచ్చింది. మా వనానికి జిల్లాలో మొదటి బహుమతి. బస్టాండు దగ్గర గజేందర్ పెద్ద ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. చెట్లు ఆయన చెవుల వెనక చిన్నగా కనబడ్డాయి. బళ్లో లడ్డూలు పంచారు.

ఆ తరువాతి ఆదివారం ఆబ్కారి సారు చెట్లు చూడడానికి వచ్చాడు. ప్రతి ఏడూ వచ్చే ఆయన కాదు, కొత్తగా వచ్చినాయన. బాపు నన్ను కూడా తోలుకుపోయాడు. కాగితం మీద ఏముందో చదివి చెబుతానని.

సారు గేటు దగ్గర ఆగి బోర్డు చదివాడు. లోపలికి వచ్చి చెట్టు చెట్టుకూ తిరిగాడు.

"నలభై ఒకటి ఏది?"

"ఇదే సారూ, గూనిది" అని బాపు చెట్టు మీద అరచేయి వేశాడు.

"దీనిమీద అరవై ఒకటి ఉన్నది."

"అది వనం నంబరు సారు. నాది నలభై ఒకటి. ఇగో ఇది నలభై రెండు. గది పిడుగుది, నలభై మూడు. మీరు నా కండ్లకు గంతలు కట్టుండ్రి. తడిమి సెప్పుత. తప్పితే నా చెయ్యి నరుకుండ్రి."

"నీకు ఎరుకనే నర్సయ్యా. నాకు కాగితం కావాలె." సారు ఫోన్లో ఏదో తెరిచి చూపించాడు. "నిన్న మీ వనం కాగితం ఫోటో వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు. మొత్తం నూట పన్నెండు చెట్లు వనానివి అని ఉన్నది. ఇగో, ఏ చెట్టుకూ గాటు లేదట, దిగుబడి తీస్తలేరట. మీ పంచాయతే రాసిచ్చింది. ఇంక నేను ఏ చెట్టుకని సంతకం పెట్టాలె?"

బాపు ఫోనులోకి వంగి చూశాడు. ఆయనకు చదవరాదు. కానీ ఆ అక్షరాలు చూడగానే ఆయన ముఖం మారింది. మా ఇంట్లో గోడ మీద, క్యాలెండరు మీద, కందిపప్పు డబ్బా మీద ఆ చేతిరాతే ఉంటుంది.

"ఇది ఎవరు రాసిన్రు?" అని సారు అడిగాడు.

నేను బాపు పక్కనే ఉన్నాను. బాపు నా వైపు చూడలేదు.

"మాకేం ఎరుక సారూ. ఆఫీసోళ్లు రాస్తరు" అన్నాడు.

సారు చెడ్డవాడు కాదు. పంచాయతీ నుంచి ఆ కాగితం తప్పని రాయించుకు వస్తే తాను చూస్తానన్నాడు. "జల్దీ తే. గెలలు ముదిరితే నేను సంతకం పెట్టినా నీకు ఫాయిదా లేదు" అన్నాడు. ఆయనకు ఆ సంగతి తెలుసు. గెల లేతగా ఉన్నప్పుడే నొక్కి, కట్టి, రోజూ కొస కోయాలి. పదిహేను రోజులు దాటితే అది గట్టిపడిపోతుంది. ఇంక ఆ ఏడు ఆ చెట్టు నుంచి చుక్క రాదు.

ఇంటికి వస్తూ దారిలో, "బాపు, నేనే..." అన్నాను.

"ఎండ కొడుతున్నది. కొంగు తలమీద కప్పుకో" అన్నాడు. నేను కప్పుకున్నది చున్నీ. ఆయన దాన్ని ఎప్పుడూ కొంగే అంటాడు.

మర్నాడు పొద్దున్నే నేను వనంలోకి పోయి గూనిదాని ఎర్ర పట్టీని రాయితో గీకాను. కింద తారు అంకె ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని. తెలుపు వచ్చింది, తరువాత మొద్దు వచ్చింది. బాగా గీకాలని ఆ రోజు నాకు చెప్పారు, నేను బాగానే గీకాను.

*

మంగళవారం పంచాయతీ ఆఫీసులో మాట్లాడారు. గజేందర్, రజిని మేడం, గౌడ సంఘం పెద్ద బుచ్చయ్య తాత కుర్చీల్లో కూచున్నారు. బాపు నిలబడ్డాడు. నేను నాయినమ్మ వెనక తలుపు దగ్గర ఉన్నాను.

"నర్సన్నా, సంవత్సరం ఆగితే ఏం పాయె?" అన్నాడు గజేందర్. "వచ్చే ఏడు చూసుకుందాం. ఊరికి ఇంత పేరొచ్చింది."

"పేరు నువ్వు బుక్కుతవారా గజేందరూ?" అన్నది నాయినమ్మ. "నీ మొఖం ఫ్లెక్సీల గంగాళమంత ఉన్నది. నా కొడుకు సంవత్సరం ఏం జేయాలె? ఆ ఫ్లెక్సీ కింద నీడకు కూసోవాల్నా?"

"అవ్వా, నువ్వు ఊకో."

"నేనెందుకు ఊకుంట? ఈ బుచ్చయ్య ఊకున్నడు సూడు. సంఘం పెద్దట! నీ చెట్లు కంచె బయట ఉన్నయి గదా, అందుకే నోట్లె బెల్లం పెట్టుకున్నవ్."

బుచ్చయ్య తాత తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నన్నంటవేంది వదినే? కాగితం నేను రాసిన్నా?"

రజిని మేడం లేచింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "సర్పంచి గారూ, హామీ పత్రం తప్పు అని నేను రాసిస్తాను. తాటిచెట్లు తీసేసి మిగిలిన నూట ఒక్క చెట్టుకే బహుమతి ఉంచమని అడుగుదాం."

"అడుగుతం. అప్పుడు వాళ్లేమంటరు? అబద్ధం రాసి బహుమతి కొట్టేసిన్రంటరు. మీ నౌకరి సంగతి మీరు సూసుకుంటరు మేడం. మరి రాసింది ఎవరని అడిగితే?" గజేందర్ గొంతు తగ్గించాడు. "కాగితం మీద చేతిరాత ఎవరిది నర్సన్నా? ఆ పెద్దసారు ముందట కంచె బయట నుంచి ఒర్లినవ్ గదా, నా బిడ్డే రాసిందని. పదో తరగతి పిల్ల. నెల రోజులల్ల పరీక్షలు. ఆ పిల్లను పిలిచి అడిగితే మంచిగుంటదా?"

అది నిజమో, బెదిరింపో నాకు తెలియదు. ఒక పిల్లను పిలిచి ఎవరైనా అడుగుతారా అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ అప్పుడు ఆ గదిలో అందరూ నా వైపు చూశారు. నేను మాట్లాడాలి. "పిలవనియ్యుండ్రి, నేను చెబుత" అనాలి. నా నోరు తెరుచుకుంది కూడా.

బాపు నాకంటే ముందు మాట్లాడాడు. "వద్దు. పోనియ్యుండ్రి" అన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. నాయినమ్మ ఆయన వెనక తిట్టుకుంటూ పోయింది, ఎవరిని తిడుతున్నదో చెప్పకుండా.

*

బహుమతులు సిద్దిపేటలో ఒక పెద్ద హాల్లో ఇచ్చారు. రజిని మేడం నన్ను కూడా తీసుకుపోయింది. బోర్డులు రాసిన అమ్మాయిగా వేదిక మీదికి పిలుస్తారని. నేను పోనంటే బాపే పొమ్మన్నాడు. "పిలిచినప్పుడు పోవాలె బిడ్డా. మళ్లా పిలుస్తరా?"

దారి పొడవునా ఆటోలో ఒకే వాక్యం మనసులో చదువుకున్నాను. "సారూ, మా వనంలో పదకొండు తాటిచెట్లు మా బాపువి, ఆ కాగితం తప్పు, అది రాసింది నేనే." నోటుబుక్కులో రాసి, చదివి, మళ్లీ రాసి, మళ్లీ చదివాను. గెలలు ముదరడానికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయని బాపు చెప్పకుండానే నాకు తెలుసు. ఆయన రోజూ కంచె బయట నిలబడి తల ఎత్తి చూసి వచ్చేవాడు.

నా పేరు పిలిచారు. పెద్ద ఆఫీసరు నా చేతిలో ఒక మొక్క పెట్టి ఫోటో కోసం నవ్వాడు. నేను ఆ వాక్యం చెప్పాను. మొత్తం చెప్పాను. నా జీవితంలో మొదటిసారి తెలియని మనిషితో అంత పెద్ద మాట మాట్లాడాను. చప్పట్ల మధ్య ఆయనకు వినబడలేదేమోనని రెండోసారి కూడా చెప్పాను.

ఆయనకు వినబడింది. నవ్వు ఆపి, వంగి, నా ముఖంలోకి చూశాడు. "అలాగా అమ్మా? ఒక దరఖాస్తు రాసి ఇవ్వు. తప్పకుండా చూస్తాను" అన్నాడు. అప్పటికి పక్క ఊరి వాళ్లను పిలిచేశారు.

అక్కడే మెట్ల మీద కూచుని దరఖాస్తు రాశాను. అంతా నా పేరుతోనే రాశాను, రజిని మేడం పేరు ఎక్కడా రాయలేదు. మేడం దాన్ని చదివి, తానే లోపలికి పోయి ఇచ్చి వచ్చింది.

ఆరు రోజుల్లో జవాబు రాలేదు.

ఆరో రోజు తెల్లవారుజామున బాపు మోకు తీసుకుని బయటికి పోవడం చూశాను. నేను వెనకే పోయాను. సిద్దిపేట సభ అయ్యాక గేటు తాళం మార్చారు. లిడియా అత్త అప్పుడే వచ్చి పైపు చుట్ట విప్పుతున్నది. బాపు గేటు ఇవతల నిలబడ్డాడు.

"చెల్లె, తాళం తియ్యి. ఒక్క గూనిది, పిడుగుది, రెండింటికే కడత. ఇయ్యాల తప్పితే ఇగ లేదు."

లిడియా అత్త పైపు కింద పెట్టి వచ్చింది. గేటు ఊచలు పట్టుకున్నది.

"అన్నా, నువ్వెక్కితే నేను చూడలేదని చెప్పరాదు. కెమెరా పెట్టిన్రు, ఇగో స్తంభానికి. నాకు ఇద్దరు పిల్లలు. ఈ నౌకరి పోతే నేనేడికి పోవాలె?" ఏడుస్తూనే తాళంచెవి తీసి చేతిలో పట్టుకుంది. "తియ్యమంటవా? నువ్వు తియ్యమంటే తీస్తనే. నువ్వే చెప్పు."

బాపు ఆ తాళంచెవి వైపు చాలాసేపు చూశాడు. వెలుతురు వచ్చింది. చెట్ల పైన గెలలు కనబడ్డాయి.

"వద్దు తియ్యి చెల్లె" అన్నాడు. "నీళ్లు వట్టుకో. ఎండ ముదురుతది."

*

జవాబు మార్చిలో, నా హిందీ పరీక్ష రోజు వచ్చింది. పురస్కారం పొందిన వనంలోని చెట్లన్నింటినీ మూడేళ్లపాటు ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలని, అందువల్ల అభ్యర్థనను పరిశీలించడం సాధ్యం కాదని ఉంది. నా గురించి ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను ఎవరూ పిలవలేదు. నాయినమ్మ ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ సాయంత్రం ఆమె నన్ను కూడా తిట్టింది, పప్పులో ఉప్పు ఎక్కువైందని. పప్పు అమ్మ వండింది.

పరీక్షలు అయ్యాక రజిని మేడం మా ఇంటికి వచ్చింది. మంచం అంచున కూచుంది. వనంలో తాటిచెట్లు ఎక్కరాదని ఒక బోర్డు పెట్టమని పై నుంచి చెప్పారని, అది నేను రాస్తే బాగుంటుందని గజేందర్ అన్నాడని చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల వైపే చూసింది.

"నేను రాయను మేడం" అన్నాను.

గట్టిగానే వచ్చింది మాట. నాయినమ్మ వాకిట్లోంచి తల తిప్పి చూసింది. మేడం తల ఊపింది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండానే లేచిపోయింది.

మూడో రోజు సిద్దిపేట నుంచి ఫ్లెక్సీ బోర్డు వచ్చింది. అచ్చు అక్షరాలు, దూరం నుంచి కూడా బాగా కనబడతాయి. నేను రాసి ఉంటే దానికంటే చిన్నగా ఉండేది.

సోమవారం బాపు మద్దూరు పోయాడు. అక్కడ ఒకాయనకు చాలా చెట్లు ఉన్నాయి, ఆయన మోకాళ్లు పనిచేయడం లేదు. ఆయన చెట్లు ఎక్కడానికి కూలికి మనిషి కావాలన్నాడు. బాపు అక్కడే ఉండి ఎక్కుతాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. మోకును యూరియా సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు వనం పక్కనుంచే పోతుంది. ఆయన కంచె వైపు కిటికీ దగ్గర కూచోలేదు, అవతలి పక్క కూచున్నాడు.

మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆయన తొడల మీద, చేతుల మీద కొత్త గాయాలు ఉన్నాయి. తెలియని చెట్టు అయితే అట్లా గీసుకుంటుందని నాయినమ్మ నూనె రాస్తూ అన్నది. అన్నం తిన్నాక బాపు చేయి కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను.

"బాపు, అక్కడి చెట్లు ఎట్లున్నయి?" అని అడిగాను.

ఆయన చేతులు దులుపుకున్నాడు.

"చెట్లే గద బిడ్డా" అన్నాడు. "చెట్లు ఎట్లుంటయి?"